బండి కింద

ఆక్లండ్‌లో క్యాంపర్ వ్యాన్ అద్దె రోజుకి మూడు వందల డాలర్లు చెప్పారు. డిసెంబరు, జనవరి అక్కడ ఎండాకాలం. సెలవులూ అప్పుడే. ఐదు వారాలకి లెక్కవేస్తే పదివేల ఐదు వందలు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు దాన్ని యాభైతో హెచ్చవేశారు.

"ఐదు లక్షల పాతిక వేలు. అద్దెకే?" అన్నారు.

కొడుకు రెండో దారి చెప్పాడు. పాత బండి కొనడం, తిరగడం, తిరిగొచ్చాక అమ్మేయడం. వర్కింగ్ హాలిడే వీసా మీద న్యూజిలాండ్ వచ్చే యూరప్ కుర్రాళ్ళు చాలామంది చేసే పని అదే. దిగినవాళ్ళు కొంటారు, విమానం ఎక్కేవాళ్ళు అమ్ముతారు.

"అన్ని చేతులు మారిన బండంటే చూసి కొనాలి."

"చూడ్డానికి మీరున్నారుగా నాన్నా."

ఆ మాట నిజమే. ఆయన కోస్తా జిల్లాల్లో ముప్పై ఏళ్ళు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. లారీ గానీ బస్సు గానీ ఆయన సంతకం లేకుండా రోడ్డెక్కేది కాదు. మౌంట్ రోస్కిల్‌లో కొడుకు ఇంటి హాల్లో, పెళ్ళి ఫోటోల మధ్య ఆయన ఖాకీ యూనిఫారం ఫోటో ఒకటుంది. చొక్కా చేతుల మీద ఇస్త్రీ మడత ఫోటోలో కూడా తెలుస్తుంది.

ఆ ఇస్త్రీ ఆయన భార్యది. ఉతుకూ ఆమెదే. ఆయన బట్టలు ఎన్నడూ లాండ్రీకి వెయ్యలేదు, పనిమనిషికి ఇవ్వలేదు. ఆక్లండ్‌లో వాషింగ్ మెషీన్ ఉన్నా ఆయన చొక్కాలు మాత్రం బాత్‌టబ్ అంచు మీద కూర్చుని చేత్తోనే ఉతుకుతుంది. కోడలు మొదట్లో వద్దని చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది.

ఆదివారం పొద్దున్న ఎలర్స్‌లీ రేసుకోర్సు దగ్గర కార్ల సంతకి వెళ్ళారు. అమ్మేవాళ్ళు బండి నిలిపి, అద్దానికి ధర కాగితం అంటించి, పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని వరసలన్నీ ఒక చుట్టు చుట్టొచ్చారు.

మాజ్డా బోంగో ఒకటి కోడలికి నచ్చింది. ఆయన కూలెంట్ డబ్బా మూత తీయించారు. లోపల గోధుమరంగు నురగ. "హెడ్ పోయింది," అని ముందుకి నడిచారు. నిస్సాన్ కారవాన్‌ని స్టార్టు చేయించి వెనక్కెళ్ళి నిలబడ్డారు. పొగ నీలంగా వచ్చింది. "ఆయిలు తాగుతోంది," అన్నారు. టొయోటా ఎస్టిమాలో పరుపుంది, పొయ్యి ఉంది, పూల పరదాలున్నాయి. మరుగుదొడ్డి లేదు.

అది లేకపోతే కష్టం. 2023లో వచ్చిన చట్టం ప్రకారం బండికి బిగించిన మరుగుదొడ్డి ఉంటేనే అన్ని వసతులూ ఉన్న బండిగా లెక్క, దానికే పచ్చ కాగితం. ఆ కాగితం ఉంటే చాలాచోట్ల పైసా కట్టకుండా రాత్రి బండి నిలుపుకోవచ్చు. లోపల మంచం పరిచి ఉన్నప్పుడు కూడా ఆ దొడ్డి వాడుకునే వీలుండాలి.

"పొయ్యి పక్కనా?" అంది ఆయన భార్య.

"పక్కన కాదత్తయ్యా. ఎదురుగా," అంది కోడలు.

అత్తగారు ఆ తర్వాత బండి గురించి మాట్లాడలేదు.

మూడో వారానికి టొయోటా హయేస్ తగిలింది. 2005 మోడలు, డీజిలు, ఎత్తు కప్పు. ముందు మూడు సీట్లు, వెనక బెల్టులతో ఇంకో రెండు. పెద్దవాళ్ళిద్దరూ మనవరాలూ రాత్రి బండిలో పడుకోవచ్చు, కొడుకూ కోడలూ గుడారం వేసుకోవచ్చు. అమ్మేది ఒక జర్మన్ జంట, పాతికేళ్ళవాళ్ళు. శుక్రవారం వాళ్ళ విమానం. ధర పదిహేను వేల ఐదు వందలు.

ఊరి చివర క్యాంపు స్థలంలో బండి చూపించారు. ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చిచ్చింది. బండి కొన్ననాటి నుంచి వేసిన ప్రతి టైరు, మార్చిన ప్రతి ఫిల్టరు, టైమింగ్ బెల్టు రసీదు, అన్నీ తేదీలతో రాసున్నాయి. చివరి పేజీలో లోపాల జాబితా: పక్క తలుపు కొంచెం ఎత్తి లాగాలి, ఫ్రిజ్ రాత్రిపూట చప్పుడు చేస్తుంది, వైపరు నీళ్ళ మోటారు ఒక్కోసారి పనిచెయ్యదు.

"లోపాలు రాసిచ్చి మరీ అమ్మేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు కొడుకు.

"రాసినవి సరే. రాయనివి చూద్దాం," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

ముందు కాగితాలు అడిగారు. బండి నంబరు కొట్టి, దాని మీద అప్పేమైనా ఉందేమో కొడుకు చేత రిజిస్టరులో చూపించుకున్నారు. రెండు మూడు డాలర్ల ఖర్చు. చూసుకోకుండా కొంటే, పాత ఓనరుకి అప్పిచ్చినవాడు వచ్చి బండి తోలుకుపోవచ్చు. ఈ బండి మీద అప్పు లేదు.

తర్వాత ముందు అద్దం మీది చీటీ చదివారు. ఆ దేశంలో డీజిలు బండికి రోడ్డు పన్ను బంకులో వెయ్యరు. వెయ్యి కిలోమీటర్లకి 76 డాలర్ల చొప్పున ముందే కట్టి చీటీ అంటించుకోవాలి. చీటీ 3,13,000 దాకా ఉంది. మీటరు 3,14,850 చూపిస్తోంది.

"రెండు వేల కిలోమీటర్ల బాకీ," అన్నారాయన. "మనం కొన్నాక అడిగితే ఎవరు కడతారు?"

జర్మన్ కుర్రాడి ముఖం ఎర్రబడింది. మర్చిపోయామన్నాడు. అక్కడికక్కడే ఫోనులో కట్టాడు.

అసలు పేచీ వాఫ్ దగ్గర వచ్చింది. వాఫ్ అంటే వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్. ఈ బండికి ఏడాదికోసారి చేయించాలి. టైర్లు, బ్రేకులు, లైట్లు, స్టీరింగు, సీటు బెల్టులు, బాడీ తుప్పు చూస్తారు. ఇంజను జోలికీ గేరుబాక్సు జోలికీ పోరు. చూసేది గ్యారేజీవాళ్ళే, స్టిక్కరిచ్చేదీ వాళ్ళే. బండి అమ్మే రోజుకి ఆ తనిఖీ జరిగి నెల దాటకూడదు. దాటినా ఫరవాలేదని కొనేవాడు కాగితం మీద రాసిస్తే సరే. ఈ బండిని చూసి ఏడు నెలలైంది. రాసిస్తే ఐదు వందలు తగ్గిస్తామన్నారు.

కొడుక్కి అది లాభంగానే కనిపించింది.

"ఇంకా ఐదు నెలల గడువుంది నాన్నా. అప్పుడు చూసే కదా ఇచ్చారు."

"చూశారని కాగితం చెబుతోంది. కాగితం ఎలా పుడుతుందో నాకు తెలుసు."

"ఇక్కడ చూడకుండా ఎవరిస్తారు?"

ఆయన కొడుకు వంక ఒక్క క్షణం చూసి, జేబులోంచి టార్చి తీశారు.

స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి అడిగి తీసుకున్నారు. జర్మన్ కుర్రాడు పాత దుప్పటి తెచ్చి కంకర మీద పరిచాడు. చొక్కా పాడవుతుంది, నా టీషర్టు వేసుకోండన్నాడు కొడుకు. ఆయన వినిపించుకోలేదు. అరవై నాలుగేళ్ళ మనిషి, తెల్ల చొక్కాతో వెల్లకిలా పడుకుని, మోచేతుల మీద జరుగుతూ బండి కిందికి వెళ్ళిపోయారు. కాళ్ళు మాత్రం బయట మిగిలాయి.

కింద నుంచి సుత్తి చప్పుడు వినిపించసాగింది. ఒకచోట టంగుమని, ఇంకోచోట డప్పుమని. డప్పుమన్నచోట ఆగేది. మళ్ళీ కొట్టేది.

"బ్రేకు నొక్కు," అని గొంతు వచ్చింది. కొడుకు ఎక్కి నొక్కాడు. "వదులు. నొక్కి పట్టుకో. అలాగే ఉంచు."

అర గంటయింది. గంటయింది. మనవరాలు తాతయ్య బూట్ల పక్కన కూర్చుని కంకర రాళ్ళు ఏరుకుంది. జర్మన్ అమ్మాయి టీ పెట్టిచ్చి, మీ నాన్నగారు ఏంచేస్తారని అడిగింది.

కొడుకు చెప్పాడు. చెబుతుంటే అతనికే ఉత్సాహం వచ్చింది. మా వైపు స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో అయిపోతుందన్నాడు. జూన్‌లో బడులు తెరిచేలోగా ప్రతి బస్సూ మళ్ళీ చూపించుకోవాలి. ఆఫీసు ముందు పసుపు బస్సులు రోడ్డు మలుపు దాకా బారులు తీరేవి. చిన్నప్పుడు తను సైకిలు మీద వెళ్ళి లెక్కపెట్టేవాడు. రోజుకి అరవై బస్సులు. నాన్న ఒక్కరే చూసేవారు.

అమ్మాయి ఆ కాళ్ళ వంక గౌరవంగా చూసి, ఆయన కప్పు మీద సాసరు బోర్లించి పెట్టింది.

రెండున్నర గంటలకి ఆయన బయటికొచ్చారు. చొక్కా కుడి భుజం దగ్గర్నుంచి నడుం దాకా నల్లటి గ్రీజు. చల్లారిన టీ నిలబడే తాగేసి, మూడు వేళ్ళు చూపించారు.

ఒకటి, పక్క తలుపు కింది అంచు. పైకి పెయింటు నిగనిగలాడుతోంది. ఆయన స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కారు. పిడి దాకా దిగింది. లోపల ఇనుము లేదు, పుట్టీ ఉంది. తుప్పు అమ్మేవాడికి ఎప్పుడూ కనపడదు. కొన్నవాడికి మొదటి వానకే కనపడుతుంది. ఈ పిల్లలు కూడా ఒకప్పుడు కొన్నవాళ్ళే కాబట్టి వాళ్ళకి తెలిసుండకపోవచ్చు. తెల్లబోయి చూశారు.

రెండు, వెనక సీటు ఎడమ బెల్టు. మెల్లగా లాగితే వస్తోంది, గట్టిగా గుంజినా వస్తోంది. గుంజితే ఆగాలి. "ఇక్కడ కూర్చునేది మా పిల్ల," అన్నారాయన. మరోసారి గుంజి చూపించారు.

మూడోది చూపించడానికి జర్మన్ కుర్రాణ్ణి కూడా కిందికి రమ్మన్నారు. ఇద్దరూ పక్కపక్కన పడుకున్నారు. వెనక ఇరుసుకి వెళ్ళే బ్రేకు హోసు మీద టార్చి వేసి, వంపు దగ్గర రెండు వేళ్ళతో వంచారు. రబ్బరు మీద సన్నగీతలు నోళ్ళు తెరిచాయి. లోపలి అల్లిక కనిపించింది.

కొడుకు పక్కన గొంతుక్కూర్చుని ఇంగ్లీషు చేసి చెబుతుంటే ఆయన నింపాదిగా వివరించారు.

"టైర్లు నిలబడి చూడొచ్చు. లైట్లు కుర్చీలో కూర్చుని చూడొచ్చు. హోసు మాత్రం కింద పడుకుని, చేత్తో పట్టుకుని, వంచి చూడాల్సిందే. ఇంకో దారి లేదు. ఇది తెగితే వెనక బ్రేకుల ఆయిలు పోతుంది. రెండో నొక్కుడుకి కాలు లోతుకి దిగుతుంది, బండి సరిగ్గా ఆగదు."

మిల్‌ఫర్డ్ వెళ్ళే దారిలో హోమర్ సొరంగం ఉంది. కిలోమీటరుకి పైన పొడవు, లోపలంతా పల్లమే, పది అడుగులకి ఒక అడుగు దిగుడు. సొరంగం దాటాక ఇంకా దిగాలి. ఆ పిల్లలు రెండు నెలల క్రితం ఈ బండిలోనే అక్కడికి వెళ్ళొచ్చారు. నోటుపుస్తకంలో తేదీ ఉంది. అమ్మాయి ఆ పేజీ తీసి చూసి మూసేసింది.

కుర్రాడు మాత్రం ఒక మాటన్నాడు. గ్యారేజీలో చూసే కదా స్టిక్కరిచ్చారు, అప్పుడెందుకు చెప్పలేదని.

"అప్పటికి పగిలుండదు. రబ్బరు కదా," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. వృత్తివాడి తప్పు వృత్తివాడు ఎత్తిచూపడం ఆయనకి ఇష్టం లేదు. "రేపు మళ్ళీ చూపించండి. పాసయితే మీరడిగిన పదిహేను వేల ఐదు వందలూ ఇస్తాను."

సోమవారం అందరూ కలిసి ఇంకో గ్యారేజీకి వెళ్ళారు. మెకానిక్ బండిని లిఫ్టు మీదికెక్కించి, పైకెత్తి, దీపం పట్టుకుని కింద నిలబడ్డాడు. ముప్పావు గంట చూశాడు. చివరికి ఒక చీటీ రాసిచ్చాడు. ఫెయిలు. కారణాలు మూడు. తలుపు కింద తుప్పు. వెనక ఎడమ బెల్టు. వెనక బ్రేకు హోసు. నాలుగోది లేదు.

కొడుకు ఆ చీటీని ఫోటో తీసుకున్నాడు. లిఫ్టు లేకుండా, టార్చితో, కంకర మీద పడుకుని ఈ మూడూ మా నాన్న నిన్ననే పట్టుకున్నారని మెకానిక్‌కి చెప్పాడు. మెకానిక్ చేతి తొడుగు తీసి ఇన్‌స్పెక్టరు గారికి చెయ్యిచ్చాడు. ఈయన మీ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మీకు భయం లేకుండా పోయుంటుందన్నాడు. కొడుకు అవునన్నాడు.

ఫెయిలైన బండిని 28 రోజుల్లో బాగుచేయించి అదే గ్యారేజీకి తెస్తే మళ్ళీ ఫీజు కట్టక్కర్లేదు. జర్మన్ జంటకి ఇరవై ఎనిమిది రోజుల్లేవు, నాలుగు రోజులున్నాయి. పరుగులు పెట్టారు. తుప్పు కోసి రేకు వెల్డింగు చేయించారు. పుట్టీ కుదరదు, వెల్డింగే కావాలని ఇన్‌స్పెక్టరు గారు పక్కనే నిలబడ్డారు. కొత్త బెల్టు, కొత్త హోసు వేయించారు. పాత హోసు ఆయన అడిగి తీసుకుని, వంచి, పూర్తిగా తెగేదాకా వంచి చూసి చెత్తబుట్టలో వేశారు. బుధవారం సాయంత్రానికి బండి పాసయింది.

ధర పద్నాలుగు వేల రెండు వందలకి తెగింది. ఓనరు మార్పు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. సంతకాలు లేవు. అంత పెద్ద వ్యవహారం సంతకం లేకుండా అయిపోవడం ఆయనకి వింతగా అనిపించింది.

తాళాలిచ్చేటప్పుడు జర్మన్ అమ్మాయి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళు తడయ్యాయి. మేం ఆ హోసుతోనే దేశమంతా తిరిగామంది. మాకు మీలాంటివాళ్ళు ముందే దొరికుంటే బావుండేదంది. ముప్పై ఏళ్ళలో ఎంతమంది పిల్లల ప్రాణాలు కాపాడి ఉంటారో మీకే లెక్క తెలియదంది.

కొడుకు తెలుగు చేసి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు గారు తల ఊపి, బండి ఎక్కి సీటు ముందుకి జరుపుకున్నారు.

ఇంటికొచ్చేసరికి ఆయన భార్య బాత్‌రూములో ఉంది. ఆదివారం నాటి చొక్కా ఇంకా బకెట్లోనే నానుతోంది. సబ్బు పెట్టింది, సర్ఫ్ వేసింది, వేడినీళ్ళు పోసింది, బ్రష్షుతో రుద్దింది. నలుపు కాస్త బూడిదరంగుకి తిరిగి ఇంకొంచెం వెడల్పయింది.

కోడలు గుమ్మం దగ్గర నిలబడి చీటీ సంగతి, మెకానిక్ చెయ్యిచ్చిన సంగతి, జర్మన్ పిల్ల ఏడ్చిన సంగతి అన్నీ చెప్పింది. అత్తగారు వింటూనే రుద్దింది.

"గిన్నెలు తోమే లిక్విడ్ వేసి చూద్దామా అత్తయ్యా? ఆయిలు దానికి వదులుతుందంటారు."

"ఏమో అమ్మా."

"మీకు తెలీకపోవడమేంటి? ముప్పై ఏళ్ళు మామయ్యగారి యూనిఫారాలు మీరే ఉతికారు కదా."

ఆమె చొక్కా పిండి, విదిలించి, కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టుకుంది.

"జేబు మీద ఇంకు మరకైతే చెప్పు, నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి ఇట్టే పోగొడతాను. ముప్పై ఏళ్ళూ అదే పని. గ్రీజు నేనెప్పుడు చూశానమ్మా?"